సరిచేయని ఏడు పాటలు

శ్రుతి తప్పిన గొంతులను దారికి తేవడం నా పని. కాశిబుగ్గలో మా ఇంటి మేడ మీద చిన్న రికార్డింగ్ రూమ్ ఉంది. పదిహేనేళ్లుగా దాన్ని నేనే నడుపుతున్నాను. బతుకమ్మ పాటలు, ఎలక్షన్ పాటలు, పెళ్లి బరాత్‌లలో డీజే మీద వేసే జానపదాలు, ఎవరు ఏది పాడినా చివరికి నా కంప్యూటర్‌లో పడి, తోమిన గిన్నెలా తళతళలాడుతూ బయటికి రావాల్సిందే. "అక్కా, గొంతు జర బొంగురుగ ఉన్నది" అని నసిగేవాళ్లకు నేను చెప్పే మాట ఒకటే. "నువ్వు పాడి పో, మిగిలింది నేను చూసుకుంట." ఆ మాట మీద నాకు చాలా పొగరు ఉండేది. అది ఎలా దిగిందో చెబుతాను.

నిరుడు వానాకాలం ఒక ఉదయం ఇద్దరు పెద్దవాళ్లు మెట్లెక్కి వచ్చారు. ఆయనకు డెబ్బై ఉంటాయి. భుజాన పాత దుప్పటితో కుట్టిన సంచీ, అందులో గిటారు. వెనకాల ఆయన భార్య, చేతిలో చాయ్ ఫ్లాస్కు. ఆయన్ని చూడగానే గుర్తుపట్టాను. మా ఊళ్లో ఒకప్పుడు ఏ పెళ్లికి ఆర్కెస్ట్రా పెట్టినా గిటారు ఆయనదే. పాడేవాళ్లు ముందు నిలబడతారు కాబట్టి ఎవరూ ఆయన ముఖం వంక చూసేవారు కాదు గానీ, ఆయన గిటారుకు గంతులేయని ఇల్లు మా వాడలో లేదు. నేను చిన్నప్పటి నుంచీ ఆయన్ని చాచా అనే పిలిచేదాన్ని.

"ఏడు పాటలున్నయ్ బిడ్డా. నా సొంతయి. అన్నీ ఒక్క ఆల్బంల రావాలె" అన్నాడు.

"ఏ టైపు చాచా? ఫోకా, గజలా?"

"జాజ్."

నాకు నవ్వాగలేదు. ఆయనేమీ అనుకోలేదు. కుర్రతనంలో కాజీపేట రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర నేర్చుకున్నాడట. వారానికోసారి వాళ్ల క్లబ్బులో డాన్సులు జరిగేవట, ఈయన మూల కూర్చొని వాయించేవాడట. తర్వాత ఆ కుటుంబాలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. చాచా పెళ్లిళ్లలో సినిమా పాటలకు గిటారు పట్టాడు. జాజ్ మాత్రం ఇంట్లో వాయించుకున్నాడు, తెలుగులో మాటలు కట్టుకొని.

"తెలుగుల జాజ్ ఎవలింటరు చాచా?"

"ఈమె ఇంటది" అని భార్యను చూపించాడు.

"ఇనకేంజేస్త?" అంది చాచీ. "ఉన్నదొక్క అర్ర. యాడికి పోవాలె నేను?"

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనే ఆయన అసలు సంగతి చెప్పాడు. గొంతులో చిన్న గడ్డ లేచిందట. నెలన్నరకు ఆపరేషన్. "తీసినంక మాటైతే వస్తది గని, ఇదే గొంతు ఉంటదని చెప్పలేనన్నడు డాక్టర్. అందుకే బిడ్డా, ఉన్నదున్నట్టు ఒక్కసారి దాచిపెట్టుకుందామని."

ఉన్నదున్నట్టు అన్నాడు. ఆ మాట నా చెవిన పడింది, బుర్రకెక్కలేదు.

మూడు వారాలు రోజూ పొద్దున్నే వచ్చారు. నిజం చెప్పొద్దూ, పాటలు వింటే నాకే ఆశ్చర్యం వేసింది. గిటారు తీగల మీద వేళ్లు మెత్తగా జారుతుంటే పాట మనతో మాట్లాడుతున్నట్టే ఉండేది. ఒకటి వానలో ఆగిపోయిన రైలు మీద. ఒకటి చచ్చిపోయిన తమ్ముడి సైకిలు మీద. ఇంకొకటి చాచీ అలక మీద.

"అలిగి కూసున్నవా, సరే కూసో,
అటు తిరిగి నవ్వినవ్, నేను చూసిన."

ఈ రెండు లైన్లకు చాచీ ప్రతిసారీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఒక్కటే నన్ను బాధపెట్టింది. చాచా ఏ లైనూ టైముకు ఎత్తుకోడు. హెడ్‌ఫోన్స్‌లో టక్ టక్ అని తాళం ఇస్తున్నాను కదా, అది పడ్డాక ఒక క్షణం ఆగి అప్పుడు మొదలుపెడతాడు. ప్రతి లైనూ అంతే. వయసు మీద పడింది, చెవి సరిగ్గా వినబడటం లేదు పాపం అనుకున్నాను. ఏమైనా అంటే చిన్నబుచ్చుకుంటాడని అద్దం ఇవతల నుంచి "మంచిగున్నది చాచా" అని తలూపాను. నేనున్నాను కదా, సరిచేస్తాను అనుకున్నాను.

సరిచేశాను. మామూలుగా కాదు, ఇరవై రోజులు మిగతా పనులన్నీ పక్కన పడేసి కూర్చున్నాను. ఒక్కొక్క లైనునూ పట్టుకొని కంప్యూటర్‌లో తాళం గీత మీదికి లాగాను. గొంతు వణికిన చోట నునుపు చేశాను, జీర వచ్చిన చోట తుడిచేశాను. ఊపిరి తీసుకునే చప్పుడంతా కోసేశాను. పక్కింటి మగ్గం చప్పుడు కూడా ఎక్కడా వినబడకుండా చేశాను. నా చేతుల మీదుగా ఇంత శుభ్రమైన పని ఎప్పుడూ జరగలేదని నా భుజం నేనే తట్టుకున్నాను.

చాచా చాచీలను పిలిచి పెద్ద స్పీకర్ల మీద వినిపించాను. ఏడు పాటలూ అయ్యేదాకా చాచా నేల వంకే చూస్తూ కూర్చున్నాడు.

"మస్తు మెహనత్ జేసినవ్ బిడ్డా" అన్నాడు.

చాచీ మాత్రం నా ముఖంలోకి చూసి అడిగింది. "పాడినాయన మంచిగనే పాడిండు. ఎవలాయన?"

ఎగతాళి అనుకున్నాను. కాదు. ఆమె నిజంగానే అడుగుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై రోజుల కష్టం మరి!

"ఎవలేంది చాచీ, మీ ఆయననే! ప్రతి లైను లేటు పాడిండు. అన్నీ నేను కరెక్టు జేసిన."

చాచా కోప్పడలేదు. గిటారు ఒళ్లోకి తీసుకున్నాడు. "బిడ్డా, దావత్‌కు పోయినవనుకో. రండి, తినుండ్రి అని పిలువంగనే ఉరికి బంతిల కూసుంటమా? జర ఆగుతం. ఇంకోసారి పిలువనిస్తం. అండ్లనే ఇజ్జత్ ఉంటది. పాట గూడ గంతే. తాళం పిలుస్తది, నేను జర ఆగి పోత. మా గార్డు సాబ్ నాకు ఏడాది నేర్పింది గదే."

అని అలక పాటలోని ఆ రెండు లైన్లే ముందు నేను దిద్దినట్టు, తాళం మీద పాడాడు. ఎవరో బడిలో అప్పజెప్పినట్టుంది. మళ్లీ తన పద్ధతిలో పాడాడు. "అలిగి కూసున్నవా" అని ఆగాడు. ఆ ఆగిన చోట ఒక మగవాడు పెళ్లాం ముఖం వంక చూస్తున్నాడు, ఇంకా కోపమేనా, తగ్గిందా అని. అప్పుడు గానీ "సరే కూసో" అనలేదు. చాచీ చెయ్యి కొంగు మీదికి వెళ్లింది.

నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పదిహేనేళ్ల అనుభవం అని ఊరంతా చెప్పుకునేదాన్ని, కావాలని ఆగే ఒక పద్ధతిని ముసలితనం అనుకున్నాను.

"ఫికర్ జెయ్యకు" అన్నాడు చాచా. "ముందుగాల రికార్డు జేసింది ఉంటది గద, అదే ఇయ్యి."

"ఉన్నది చాచా, రేపు తీసిస్త" అన్నాను.

లేదు. అబద్ధం చెప్పాను. నాకొక అలవాటుంది. పాట ఫైనల్ కాగానే ముందు తీసిన ముక్కలన్నీ చెరిపేస్తాను. ఉంచితే ఎలక్షన్ పాటల వాళ్లు పదిసార్లు వచ్చి అది మార్చు, ఇది మార్చు అని ప్రాణం తోడేస్తారు. లేవంటే గొడవే ఉండదు. ఆ లెక్కనే చాచా ముక్కలూ చెరిపేశాను. వాళ్లు మెట్లు దిగగానే ఉన్న డిస్కులన్నీ వెతికాను. కంప్యూటర్ రిపేరు చేసే ఆయన్ని పిలిపించాను. ఆయన గంటసేపు చూసి, "వాటి మీద వేరే ఫైళ్లు ఎక్కినయ్ మేడం, రావు" అని చేతులెత్తేశాడు.

అప్పటికి ఆపరేషన్‌కు వారం కూడా లేదు. చాచా గొంతు రోజురోజుకూ బొంగురుపోతోంది. ఒక మనిషి గొంతు ఈ లోకంలో ఒక్కచోట భద్రంగా ఉంటే, దాన్ని నా చేతులతో నేనే తుడిచేశాను.

పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. చెబుదామని నోరు తెరిస్తే ఏడుపే వచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాను, అబద్ధం ఆడిన సంగతితో సహా.

"నీ పాడుగాను!" అంది చాచీ. "చెరిపినవా? అన్నీనా?"

చాచా గడప అవతలికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"ఇయ్యాల్నే పోదాం, లెవ్వు" అంది చాచీ ఆయనతో.

"డాక్టర్ ఎక్కువ మాట్లాడద్దన్నడు గద."

"మాట్లాడద్దన్నడు. పాడద్దన్నడా?" అంది. ఒక్కసారిగా ఆమె గొంతు మారిపోయింది. "ఆపరేషన్ అయినంక ఇంట్ల ఏ గొంతు వస్తదో నాకు తెల్వది. నలభై ఆరేండ్లు ఇన్న. గిది నాకు గావాలె. నాకు."

నేను భయపడి డాక్టర్‌కు ఫోన్ చేయించాను. గట్టిగా పాడొద్దు, నీళ్లు తాగుతూ ఉండండి, నొప్పి అనిపిస్తే వెంటనే ఆపేయండి అన్నాడు. చాచా లేచి గిటారు సంచీ తీశాడు.

ఈసారి హెడ్‌ఫోన్స్ లేవు, టక్ టక్ లేదు. చాచీని అద్దం ఇవతల కాదు, ఆయనకు ఎదురుగా స్టూలు వేసి కూర్చోబెట్టాను. నోటికి ఒక మైకు, గిటారుకు ఒక మైకు. నేను చేసిందల్లా బటన్ నొక్కడమే. ఆ తర్వాత చెయ్యి మౌస్ మీదికి పోకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాను.

మూడు వారాల్లో పాడిన పాటలు రెండు గంటల్లో పాడాడు. పైకి వెళ్లాల్సిన చోట గొంతు వెళ్లలేదు. బలవంతపెట్టలేదు. ఆ ముక్క గిటారు చేత అనిపించి, తను కిందనే ఉండి దాని కోసం ఆగాడు. సైకిలు పాట మధ్యలో గొంతు పూర్తిగా పట్టేసింది. ఆపేశాడు. ఇక అయిపోయింది అనుకున్నాను. చాచీ లేచి గ్లాసు అందించింది. నాలుగు గుక్కలు తాగి, ఆమె తిరిగి కూర్చునేదాకా ఉండి, తమ్ముడి పేరు వచ్చే లైనును పాటలా కాదు, మాటలా అన్నాడు. అంతకు ముందు అదే పాట పదిసార్లు విన్నాను. కళ్లనీళ్లు అప్పుడే వచ్చాయి. ఏడో పాటకు వచ్చేసరికి సగం గాలే ఉంది. అయినా ఏడూ పాడాడు.

అవి ఎలా ఉన్నాయో అలాగే ఆల్బం చేశాను. గ్లాసు కింద పెట్టిన చప్పుడుంది, ఊపిరి ఉంది, పక్కింటి మగ్గం కూడా ఉంది. నెట్‌లో పెట్టాం. ఊరంతా ఊగిపోయిందని చెప్పను. కానీ పాత ఆర్కెస్ట్రా వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. తొర్రూరు నుంచి ఒక లారీ డ్రైవర్ ఫోన్ చేసి, బండి నడుపుతూ ఇదే వింటున్నాను, ఇంకేమన్నా ఉన్నాయా అని అడిగాడు. నా దగ్గర డీజే పాటలు చేయించుకునే ఒకాయన మాత్రం, "అక్కా, ఈయన జర లేటు పాడుతాండు, సూసుకోలేదా?" అన్నాడు. "నోరు మూసుకొని ఇను" అన్నాను.

ఆపరేషన్ జరిగింది. గడ్డ ప్రమాదం కాదని పరీక్షలో తేలింది. రెండు వారాలు నోరు విప్పొద్దన్నారు. చూద్దామని వెళితే ఆయన పలక మీద రాస్తున్నాడు, చాచీ ఫోన్‌లో ఆల్బం పెట్టుకొని కూరగాయలు తరుగుతోంది. "ఇప్పుడు మంచిగున్నది బిడ్డా. పాట ఈయనది, మాట నాది" అంది. నవ్వాను గానీ, లోపల భయం అలాగే ఉంది. ఆ పలక పక్కన పెట్టాక ఆ నోట్లోంచి ఏం వస్తుంది?

తర్వాత పదిరోజులకు రూమ్‌లో పనిలో ఉండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు, తెలియని గొంతు. లావుగా, కింది స్థాయిలో, గరగరమంటోంది.

"రూము ఖాళీ ఉన్నదా?"

"లేదన్నా. ఎలక్షన్ పాటలు ఈ నెలంతా బుక్ అయినయ్."

"అన్న గాదు బిడ్డా. చాచాను."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ ఏడు పాటల్లోని గొంతు ఇక లేదు. ఆల్బంలో తప్ప ఎక్కడా లేదు. నా చెంపలు తడిసిపోయాయి, ముక్కు ఎగబీల్చాను.

"ఏడుస్తానవా? ఆగు, నా మాటిను" అన్నాడు ఆ కొత్త మనిషి. "ఈ గొంతు కొత్తది బిడ్డా. పాత పాటలు దీనికి పట్టయ్, పాడి చూసిన. వేరేయి కట్టాలె. రెండు కట్టిన అప్పుడే. రూము ఎన్నడు ఖాళీ ఉంటది, జర జెప్పు."

ఎలక్షన్ పాటల వాళ్లకు ఫోన్ చేసి, రేపు రావద్దని చెప్పాను.