ఎవరల్లారే నిన్ను?

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో కొత్త మొహం కనిపిస్తే చాలు, "ఎవరల్లారు నిన్ను?" అంటారు. స్వెట్టర్ అల్లినట్టు నిన్ను అల్లిన అమ్మానాన్నలెవరని. ఫిలొమీనాకి ఆ మాట నాలుక చివరే ఉండేది. ఖర్మ కాకపోతే, వైద్య కళాశాలలో చేరే పిల్లల్ని ఇంటర్వ్యూ చేసేచోట, ఎవరి పిల్లలో తెలియకూడదని, ఆ ఒక్క మాటే అడగకూడదు.

చేపల ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేసి రిటైరయ్యాక, జీతం లేని ఈ పనికి తనే పేరిచ్చుకుంది. రోగుల తరఫున కూడా ఎవరో ఒకరుండాలని అక్కడ మామూలు జనాన్నీ కూర్చోబెడతారు. ఏటా చలికాలంలో ఆ కుర్చీలో కూర్చుంటే ఆమెకి చిన్ననాటి పెట్రెల్ దీవి గుర్తొచ్చేది. డాక్టరు పడవ వస్తోందంటే రేవుకి పరుగే పరుగు! తనూ, నేస్తం బ్రిజిడూ జబ్బేమీ లేకుండానే ఖళ్ళుఖళ్ళున దగ్గేవాళ్ళు, ఆయనిచ్చే పిప్పరమెంట్ల కోసం. తర్వాత, అంత దూరంలో బడీ ఆస్పత్రీ నడపలేమని సర్కారు దీవిని ఖాళీ చేయించింది. ఇళ్ళని సముద్రం మీద తేల్చి తలో తీరానికీ లాక్కుపోయారు. బ్రిజిడ్ ఎటు పోయిందో తెలియలేదు. అయ్యో, ఎంత బెంగపడిందని!

ఆ ఏడు టెస్సా అనే అమ్మాయి వచ్చింది. ఇల్లు వదలనని మొండికేసిన ముసలాయనకి డాక్టరుగా ఏం చెబుతావన్నది ప్రశ్న. పిల్ల ఆ ప్రశ్ననే రెండుసార్లు అప్పజెప్పి బిగుసుకుపోయింది. ఫిలొమీనా ప్రాణం ఉసూరుమంది.

"ఎవరల్లారే నిన్ను, బంగారూ?" నోరు జారనే జారింది.

పిల్ల మొహం విప్పారింది. "మా నాయనమ్మండీ. పెట్రెల్ దీవి బ్రిజిడ్ అంటారు. దీవి ఖాళీ చేయించినప్పుడు ఆవిడా ఇల్లు వదలనని మంచంకోడు పట్టుకుని కూర్చుందట!" ఇక ఆగితేనా! ముసలాయన మనసు తన మనసైనట్టు చెప్పుకుపోయింది.

ఫిలొమీనా మార్కులు వెయ్యబోయి ఆగిపోయింది. ఎరిగినవాళ్ళ పిల్లకి వెయ్యకూడదు. దాచిపెట్టి, రేపు బయటపడితే పిల్ల సీటే ఊడుతుంది. లేచి వెళ్ళి ఆఫీసులో ఈ ఇంటర్వ్యూలన్నీ చూసుకునే డోరీన్‌కి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఎంత పని చేశావు పెద్దమ్మా! ఆ పిల్లకిప్పుడు ఇంకో గదిలో ఇంటర్వ్యూ మళ్ళీ మొదట్నుంచీ పెట్టాలి. నిన్నింకెప్పుడూ పిలవరు."

"నా సంగతి వదిలెయ్యవే. పిల్ల మళ్ళీ బిగుసుకుపోతుందేమోనని నా ఏడుపు."

మంచు కరిగేదాకా అదే దిగులు. ఓ పొద్దున ఫోను మోగింది.

"ఏమే ఫిలా! నా మనవరాలి సీటుకే ఎసరు పెట్టబోయావటగా? నీ పేరుబిళ్ళ చదివొచ్చి చెప్పిందిలే."

గొంతు ముసలిదైంది గానీ ఆ దెప్పిపొడుపు ఏమాత్రం మారలేదు.

"బ్రిజీ! సీటొచ్చిందా?"

"రాకపోతే ఫోనుతో సరిపెడతానా? వచ్చి జుట్టు పట్టుకునేదాన్ని."

"అయినా రావే," అంది ఫిలొమీనా ఏడుస్తూ. "ఉన్న నాలుగు వెంట్రుకలూ నీకే."