సగం గ్యాసున్న డబ్బా

కొత్తగూడలో మా అపార్ట్‌మెంట్‌కి చెత్త కోసం వచ్చే ఆమెకు రేకు డబ్బాలు నేను విడిగా దాచి ఇస్తాను. నెయ్యి డబ్బాలు, కూల్‌డ్రింక్ డబ్బాలు వారమంతా ఒక సంచీలో పోగేసి శనివారం పొద్దున ఇస్తే, ఆమె వాటిని రాయితో కొట్టి చదును చేసి పాత సామాను దుకాణంలో అమ్ముకుంటుంది. ఆ సంచీ ఇచ్చినప్పుడల్లా నా దొడ్డ మనసు చూసి నాకే ముచ్చటేసేది.

ఆ శనివారం సంచీ ఇచ్చేసి కాఫీ కలుపుతుంటే మా ఆయన అడిగాడు. "మొన్న క్యాంపింగ్‌కి తీసుకెళ్ళిన చిన్న స్టవ్ ఉంది కదా, దాని గ్యాస్ డబ్బా ఏదీ? అందులో ఇంకా సగం ఉండాలే."

ఆ డబ్బాను సంచీలో వేసింది నేనే.

గ్యాసున్న డబ్బా మీద రాయి దెబ్బ పడితే ఏమవుతుందో తెలియడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. నేను చదివాను కూడా. లిఫ్టు కోసం ఆగకుండా, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగాను. ఆమె ఎక్కడుందని వాచ్‌మన్‌ని అడిగితే, "ఎనక ఖాళీ ప్లాటుల డబ్బాలు కొడుతున్నది మేడం, ఏమైంది?" అన్నాడు. వెనక సందు వైపు మళ్ళాను.

సందు తిరగకముందే చప్పుడు వినబడింది. ఠంగు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఠంగు. వినబడితే భయం, ఆగితే అంతకన్నా భయం. ఆమె కళ్ళు, మాట్లాడుతూ ముక్కుపుడక సవరించుకునే ఆ వేళ్ళు, అవే గుర్తొస్తున్నాయి. "ఆగమ్మా! కొట్టకు!" అని అరుస్తూ పరిగెత్తాను.

ఆమె రాయి దించి తలెత్తింది. గ్యాస్ డబ్బా గోడ నీడలో విడిగా పెట్టి ఉంది.

"దీనికేనా గింత పరేషాన్? ఇది కొట్టలే మేడం. ప్రతి డబ్బా చెవికాడ ఊపి చూస్త. నిరుడు మా ఆయన ఊపకుంటనే కొట్టిండు. రెండు వేళ్ళు పోయినయ్."

ఆ మట్టిలోనే కూలబడ్డాను. ఏడుపొచ్చింది.

"దీంట్ల గ్యాస్ ఉన్నదని మీకు ఎరుక లేదా?" అని మెల్లగా అడిగింది.

"తెలీదమ్మా" అన్నాను.

అబద్ధం. సంచీలో వేసేటప్పుడు లోపల గలగలమంది, నేను విన్నాను. ఎక్కడ పారెయ్యాలో కనుక్కోవడానికి బద్ధకించి, పీడ వదిలిందనుకున్నాను.

డబ్బాను వెనక్కి తెచ్చాను. మా ఆయనా నేనూ ఆరుబయట అదే స్టవ్ మీద టీలు కాచి గ్యాసంతా అయిపోగొట్టాం. చెత్త ఆటోలో ప్రమాదకరమైన వాటికి వేరే బుట్ట ఉందట, ఇన్నేళ్ళూ నేను అడగనే లేదు. ఆ డబ్బా ఏమిటో డ్రైవర్‌కి చెప్పి మరీ అందులో వేశాను.

ఇప్పటికీ శనివారం సంచీ ఇస్తున్నాను. ఆమె నవ్వుతూనే తీసుకుంటుంది. తర్వాత మా గుమ్మంలోనే కూర్చుని, ఒక్కో డబ్బా తీసి చెవి దగ్గర ఊపి చూస్తుంది. అన్నీ అయ్యేదాకా నేను తలుపు పట్టుకుని నిలబడతాను.