ఎర్ర బల్బుల అక్షరాలు

ఈమధ్య పులివెందులలో మా పక్కింటి కాలేజీ పిల్ల తన కంప్యూటరు చూపించింది. తెర మీద అక్షరాలన్నీ గళ్ళు గళ్ళుగా, మెట్లు మెట్లుగా ఉన్నాయి. "పాతకాలం ఫాంటు పెద్దమ్మా, ఇప్పుడు శానా ఫ్యాషను" అంది. ఫ్యాషనట! ఆ అక్షరాలను నేను ఆ పిల్ల వయసులో గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో నింపినదాన్ని. మా అన్న ప్రాణం మీదికి తెచ్చినదాన్ని.

ప్రొద్దుటూరులో మా అన్నకు లైటింగు బోర్డుల అంగడి ఉండేది. చెక్క నిండా వరసగా రంధ్రాలు కొట్టి, అక్షరం పడే గళ్ళలో మాత్రం చిన్న ఎర్ర బల్బులు బిగించేవాడు. ఏ గడిలో బల్బు ఉండాలో గీసిచ్చేది నేను. ఇంగ్లీషు అక్షరాలు సులువు, చాలావాటికి నిట్టనిలువు గీతలే. మనవి గుండ్రనివి కదా, గళ్ళలో గుండ్రం ఎక్కణ్ణించి వస్తుంది? 'అ' ఒక్కటి కుదరడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మూల గడి వదిలేస్తే కన్ను దాన్ని గుండ్రమనుకుంటుందని తెలిసిన రోజు ఎంత సంబరపడ్డానో! ఒత్తులతోనే చచ్చేచావు. ఉన్న ఎత్తులోనే అక్షరమూ పట్టాలి, దాని కింద ఒత్తూ పట్టాలి. అందుకని ఒత్తులున్న పేరులో అక్షరాలను కాస్త కుదించేదాన్ని.

అవి ఊళ్ళు రెండుగా చీలిన రోజులు. ఒకరి మనుషులు ఇంకొకరి వీధిలో అడుగుపెట్టేవాళ్ళు కాదు. అట్లాంటి ఇద్దరు పెద్దమనుషులకు ఒక పార్టీవాళ్ళు రాజీ కుదిర్చి, జమ్మలమడుగులో ఒకే స్టేజీ ఎక్కిస్తున్నారు. ఇద్దరి పేర్లూ పక్కపక్కన వెలిగే బోర్డు మాకు ఒప్పజెప్పారు. మా దగ్గర గోడ మీద పేరు రాసినా అనుచరులు జానతో కొలిచి చూసుకుంటారు. ఎదుటివాడి పేరు వేలెడు పెద్దదయితే కొట్లాటే. అది తెలిసీ, బుద్ధిలేనిదాన్ని, అక్షరాల అందం చూసుకున్నానే గానీ జాన సంగతి మరిచాను.

సభ రోజు పొద్దున ఒకాయన మనుషులు బోర్డు చూడ్డానికి వచ్చారు. వాళ్ళ నాయకుడి పేరులో రెండు ఒత్తులు. అవతలాయన పేరులో ఒక్కటీ లేదు. మీసాలాయన ఒకడు బోర్డుకు జాన ఆనించాడు.

"ఏందప్పా ఇది? వాని పేరు నిలువెత్తు, మా అన్నది మోకాలెత్తా?"

"కింద ఒత్తులకు చోటు కావాల మామా..." అన్నాడు మా అన్న.

"ఒత్తులూ గిత్తులూ మాకు చెప్పాకు. ఎవురు చేయమన్యారు ఇట్ల?"

"గీసింది నేను. ఆయనకేం తెలీదు" అన్నాను.

"సాయంత్రం ఆరుకు బోర్డు సరిగ్గా వెలగాల పాపా. అంతదాకా మీ అన్న మా కాడనే ఉంటాడు."

అన్నను జీపెక్కించుకుని పోయారు. ఏడో నెల కడుపుతో ఉన్న వదిన గడపలో కూలబడింది.

ఒత్తులున్న ఈయన పేరు పెంచడానికి చెక్కలో చోటు లేదు. రెండో పేరునే అంత ఎత్తుకు కుదించాను. మరి బల్బులు లెక్కపెడితే? పెడతారు, వాళ్ళ సంగతి నాకు తెలీదా! ఒత్తుల పేరుకు బల్బులు ఎక్కువ పడ్డాయి. రెండో పేరులో గీతలు లావుచేసి, తలకట్లు సాగదీసి, రెండింటినీ నూట ఎనభై రెండు దగ్గర నిలబెట్టాను. మాది మిషన్ కాంపౌండు క్రైస్తవ కుటుంబం. వదిన బల్బులు బిగిస్తూ ప్రార్థన చేస్తూనే ఉంది. నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

బోర్డును లారీలో వేసుకుని జమ్మలమడుగు చేరేసరికి ఆరు కావస్తోంది. జీపు పక్కన వాళ్ళ మనుషులిద్దరి మధ్య మా అన్న నిలబడి ఉన్నాడు. నా వైపు చూడడానికి కూడా భయపడుతున్నాడు. స్విచ్చి వేశాను. రెండు పేర్లూ ఎర్రగా వెలిగాయి. రెండో పేరు చివరి అక్షరంలో ఒక్క బల్బు మాత్రం వెలగలేదు. తెచ్చిన బల్బులన్నీ అయిపోయాయి. కింద రెండు వర్గాలవాళ్ళూ లెక్కపెట్టడానికి అప్పటికే వేళ్ళు పైకెత్తుతున్నారు.

"ఒక్క నిమిషం! వైరు వదులైంది" అని అరిచి స్విచ్చి తీసేశాను.

నిచ్చెనెక్కాను. రెండో పేరు జోలికి పోనేలేదు. మా అన్నను పట్టుకుపోయినవాళ్ళ నాయకుడి పేరులోంచే, మొదటి అక్షరం మూల బల్బును విప్పి గుప్పిట్లో దాచుకున్నాను. వేడికి అరచెయ్యి చురుక్కుమంది. మళ్ళీ స్విచ్చి వేశాను.

"నూట ఎనభై ఒకటి" అన్నారు ఈవైపువాళ్ళు. కాసేపటికి ఆవైపువాళ్ళూ అదే అన్నారు.

మీసాలాయన బోర్డును ఎగాదిగా చూశాడు. "ఇప్పుడు మా అన్న పేరు గుండ్రంగా, శానా బాగుండాది పాపా" అన్నాడు. మా అన్నను వదిలేశారు.

అన్న దగ్గరికొచ్చి నా గుప్పిట విప్పాడు. బల్బు చూశాడు, బోర్డు వైపు చూశాడు. ఏం చేశానో అర్థమై అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాడు. అంత పెద్దమనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇంటికి పోదాం పా. ఇంక బోర్డులొద్దు" అన్నాడు.

మర్నాడు వదిన నా గ్రాఫు పుస్తకం తీసి పొయ్యిలో పెట్టింది. అక్షరమాల మొత్తం అందులోనే ఉంది, నాలుగు రోజులు కూర్చుని గీసిన 'అ'తో సహా. నేను పక్కనే ఉన్నాను. వద్దనలేదు.