ఉప్పు వేయకముందు ఒక గరిటె

నా కూతురు చనిపోయిందని నాకు పలమనేరు బస్టాండులో తెలిసింది. మదనపల్లెలో బస్సెక్కేటప్పుడు అల్లుడు ఫోనులో, "తలనొప్పని పడిపోయింది అత్తా, కుప్పంలో ఆస్పత్రికి తీసకపోతాండాము, నువ్వు రా" అన్నాడు. పుంగనూరు దాటేదాకా తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. పలమనేరులో మళ్ళీ ఫోను మోగింది. ఈసారి అల్లుడు మాట్లాడలేదు, ఏడ్చాడు. పక్కసీటులో ఉన్న ఆమె ఎవరో, నా చెయ్యి పట్టుకుని కుప్పం దాకా వదల్లేదు.

ఆడబిడ్డ గృహప్రవేశానికని కుప్పం పోయింది నా బిడ్డ. పోయినచోట వంటంతా ఆమె నెత్తినే పడింది. బీపీ ఎక్కువై మెదడులో నరం చిట్లిందని డాక్టరు చెప్పాడు.

వచ్చిన వాళ్ళందరూ "ఎంత ఓర్పు గల పిల్లమ్మా" అన్నారు. ఆ ఓర్పు అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. నాకు పెద్ద చదువు లేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

రెండో కాన్పులో వచ్చిన బీపీ ఆమెను మళ్ళీ వదల్లేదు. మాత్రలు రాసిచ్చి, ఉప్పు బాగా తగ్గించమని, ఊరగాయల జోలికి పోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అప్పుడు బిడ్డ మా ఇంట్లోనే ఉండింది. చెప్పిన రోజే మొదలుపెట్టింది. పప్పులో నిమ్మకాయ ఎక్కువ పిండేది. వంకాయను కాల్చి, వెల్లుల్లి, జీలకర్ర దంచి కలిపేది. చెనక్కాయల చట్నీలో చింతపండు ఒక రవ్వ ఎక్కువ వేసేది. సంగటిలో ఎటూ మేము ఉప్పు వేయము. అప్పళం వేయిస్తుంటే దగ్గరికొచ్చి వాసన పీల్చి, "నాకు చాలుమా, కడుపు నిండింది" అని నవ్వేది.

వాళ్ళ తమ్ముడు అలిగేవాడు. "ఏందక్కా ఇది, దీనికన్నా గడ్డి మేలు."

"గడ్డి తినే ఎనుము నీకన్నా బలంగా లేదంట్రా? తిను."

మొదట్లో నాకూ ముద్ద దిగలేదు. "నాలుకకు రవ్వంత టైమియ్యిమా, అదే నేర్చుకుంటాది" అనేది. నిజమే, నేర్చుకుంది. ఇప్పుడు బయట ఎక్కడ తిన్నా నాకు ఉప్పగానే ఉంటుంది.

అత్తగారింట్లో అలా కాదు. పుంగనూరులో వాళ్ళది ఉమ్మడి ఇల్లు. వంట చేసేది నా కూతురు, రుచి చెప్పేది వాళ్ళు. మొదటిరోజు ఉప్పు తగ్గించి చేస్తే మామ పళ్ళెం పక్కకు తోశాడట. "ఉప్పూ కారం తినే ఇల్లు ఇది. రోషం పోగొట్టి మమ్మల్ని గొర్రెల్ని చేస్తావా యేందమ్మా?" అన్నాడట. అందరూ నవ్వారట. ఆమె కూడా నవ్విందట. నాతో చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు.

సరే, వాళ్ళ ఉప్పు వాళ్ళకే అనుకుంది. తన వరకు, ఉప్పు వేయకముందు ఒక గరిటె పప్పు చిన్న గిన్నెలోకి తీసిపెట్టుకుంది. అంతే. ఆ గిన్నె చూసి అత్తకు గుండె ఆగినంత పనైంది. ఆ ఇంట్లో పెద్దకోడలు అలాగే గిన్నెతో మొదలుపెట్టి, వేరు కుండ పెట్టుకుని, మొగుణ్ణి తీసుకుని వెళ్ళిపోయిందట. వాళ్ళకు వేరే గిన్నె అంటే ఇల్లు చీలడమే. "నేను బతికుండంగానే రెండో కుండ పెడతాండావా?" అని అత్త ఆ గిన్నెను తిరిగి పెద్దకుండలో ఒంపేసింది.

నేను పోయి అడిగాను. "వదినా, నా బిడ్డ ఆస్తి అడగలా, వాటా అడగలా. ఒక గరిటె పప్పు ముందుగా తీసుకుంటానంటాది."

"ఈరోజు గరిటె, రేపు పొయ్యి. నాకు తెలీదా వదినా? ఐనా మేమందరమూ తినేది అదే కదా, మాకేమైంది?"

అల్లుణ్ణి అడిగితే, "అమ్మ మాట కాదని యాడికి పోతాను అత్తా?" అన్నాడు. నిన్ను ఎక్కడికో పొమ్మన్నదెవరు నాయనా?

ఆరోజు భోజనాలయ్యాక చూశాను. అందరూ తిని లేచాక నా కూతురు వంటింట్లో కూర్చుంది. లోటాలో వేడినీళ్ళు పెట్టుకుని, పులుసులోని ముక్కలు ఒక్కొక్కటే అందులో కడుక్కుని తింటోంది. నన్ను చూసి, "పోతాదిలే మా, సగం ఉప్పు పోతాది" అంది. లోటాలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇదే మీరు ఓర్పు అంటున్నది.

ఉప్పు ఒక్కటే చంపిందని నేను అనను. డాక్టరు కూడా అనలేదు. ఏది ఎంత చేసిందో ఎవరికీ తెలియదు. కానీ బతకడానికి ఆమె చేయగలిగిన చిన్న పని ఒకటుంటే, దానికి కూడా పంచాయితీ పెట్టారు. దాన్ని నేను మరిచిపోను. చదివే తల్లులు, అత్తలు ఎవరైనా ఉంటే, ముందు ఆ గరిటె తీసిపెట్టండి. ఇల్లు చీలదు. చీలితే చీలనీ.

ఇంకొకటి చెప్పాలి. ఆ ఇంట్లో చావు జరిగితే పెద్దదినం దాకా ఉప్పు లేని కూడే తినే ఆచారం. కుప్పం నుంచి బిడ్డను తెచ్చి సాగనంపిన తర్వాత నేను అక్కడే ఉన్నాను. ఆడబిడ్డ పప్పు వండింది. ఒక్క రాయి ఉప్పు వేయలేదు. నిమ్మకాయ కూడా పిండలేదు. వరసగా ఆకులు పరిచారు. అత్త వడ్డించింది. మామ తిన్నాడు, అల్లుడు తిన్నాడు, చుట్టాలు తిన్నారు. చప్పగా ఉందని ఒక్కరి నోట రాలేదు. మామ ఇంకొంచెం పెట్టించుకున్నాడు.

గడపలో నిలబడి మామను అడిగాను. "ఏం అన్నా, ఎట్లుండాది పప్పు?"

ఎవరూ తలెత్తలేదు. ఆకుల మీద చేతులు మాత్రం కదులుతూనే ఉన్నాయి.