సరేలక్క ఇష్టం

కుట్టుకొట్లో ఆమెకు అసలు పేరొకటుందన్న సంగతే అందరూ మరిచిపోయారు. సరేలక్కా అని పిలిస్తే చాలు, వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుట్టే మనిషి తలెత్తి చూసేది. చొక్కా మాస్టరు కుడతాడు, గుండీలూ వాటి కన్నాలూ ఈమెవి. "అక్కా, సాయంత్రానికి ఇంకో కట్ట పూర్తిచేస్తావా?" అంటే "సరేలే, చెయ్యక చస్తానా" అనేది. "ఫ్యాను కింద నేను కూర్చుంటా, నువ్వలా జరుగు" అని నిన్నగాక మొన్న చేరినవాడు అన్నా "దానికేం భాగ్యం" అని జరిగేది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా పెద్దలు!

ఒప్పుకోవడానికి మనకెన్ని మాటలో చూడండి. సరే, అలాగే, దానికేం, కానీ, మీ ఇష్టం, తప్పుతుందా. అన్నీ ఆమె నోట్లో అరిగిపోయాయి. "నాకిష్టమే" అని కూడా అనేది. కాకపోతే ఆ మాట అన్నదంటే అబద్ధమాడిందన్నమాటే.

తల్లి పోయాక చెల్లిని పెంచింది ఈమే. కొట్లో మిగిలిన గుడ్డలు తెచ్చి ఇద్దరికీ బట్టలు కుట్టేది. మంచి రంగు ముక్క చెల్లికి, వెలిసిన ముక్క తనకి. "నీకు పాతది ఎందుకే అక్కా?" అంటే "నాకిదే ఇష్టమే" అనేది. చిన్నప్పుడు చెల్లి నమ్మింది. పెద్దయ్యాక పకపకా నవ్వేది. "మా అక్క ఇష్టమే అందంటే అస్సలు ఇష్టం లేదని! నాకు తెలీదా?" "పోవే, బోడి తెలివీ నువ్వూను" అని ఈమె కసిరేది.

అలాంటి చెల్లికి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. ఆసుపత్రిలో మిషను పెట్టి రక్తం శుభ్రం చేయించుకోవాల్సి వచ్చింది. చెయ్యంతా సూదిపోట్లు. పచ్చగా ఉండే పిల్ల కమిలిపోయింది. పరీక్షలు చేస్తే అక్క కిడ్నీ సరిపోతుందని తేలింది. ఆ మాట వినగానే సరేలక్క ఆసుపత్రి మెట్ల మీద కూలబడి భోరున ఏడ్చింది, సంతోషంతో. బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆమె దేన్నీ కోరుకోలేదు. ఇప్పుడు మాత్రం తన ఒంట్లోంచి కోసి చెల్లికివ్వాలని ఎంత ఆశపడిందో చెప్పలేను.

ఇచ్చేవాళ్ళ మనసు కనుక్కోవడానికి ఆసుపత్రిలో ఓ గది ఉంది. ఇంటివాళ్ళని లోపలికి రానివ్వరు. చెల్లి మొగుడు తలుపు దాకా వచ్చి, "భయపడకు వదినా, సరేనంటే చాలు" అన్నాడు. లోపల ఒక డాక్టరమ్మ కూర్చుని ఉంది.

"మీ ఇష్టంతోనే ఇస్తున్నారా అమ్మా?"

సరేలక్క సిగ్గుపడిపోయింది. ఆమె ఇష్టాన్ని అంత మర్యాదగా అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. "నా ఇష్టానిదేముందండీ" అంది.

డాక్టరమ్మ మొహం మారింది. "మరెందుకిస్తున్నారు?"

"తోడబుట్టాక తప్పుతుందా అండీ."

"మీవాళ్ళు మిమ్మల్ని ఏం చెప్పమన్నారు?"

"సరేనని చెప్పమన్నారండీ."

అయ్యో తల్లీ! జ్వరమొచ్చిన బిడ్డను భుజాన వేసుకుని తిరిగే అమ్మను అడగండి, ఆమే చెప్తుంది ఆ "తప్పుతుందా"లో ఎంత ప్రేముందో. అలాగని డాక్టరమ్మ చెడ్డది కాదు. ఇంట్లోవాళ్ళు బెదిరించి తీసుకొచ్చిన ఆడవాళ్ళు ఆ కుర్చీలోనే కూర్చుని సరిగ్గా ఇవే మాటలు అనగా ఆమె ఎన్నోసార్లు విన్నది.

ఎంతో దయగా సరేలక్క చెయ్యి పట్టుకుంది. "మీకు మనసు లేకుండా మేం తియ్యం. కుదరదని మీవాళ్ళకి మేమే చెప్తాం, మీ మీదికి రాదు. మీరు నిశ్చింతగా వెళ్ళండి."

సరేలక్క ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాదండీ, ఇవ్వాలనుందండీ అని అరవాలి. అరవడం వస్తే కదా! నోట్లో నాలుక లేని మనిషికి అలవాటైన మాటే బయటికొచ్చింది.

"అలాగేనండీ."

ఇంటికొచ్చి, జరిగిందంతా చెల్లికి తనే ఏడుస్తూ చెప్పింది. మరిది మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తాడు. ఇంకోసారి మాట్లాడి చూస్తామన్నారు వాళ్ళు. కానీ చెల్లే వద్దంది.

"ఆవిడ నీ మనసు కనిపెట్టిందక్కా. నాకే కళ్ళు కనపడలేదు."

"లేదే! నాకిష్టమేనే. నీ మీద ఒట్టు, నిజంగా ఇష్టమే!"

చెల్లి నీరసంగా నవ్వింది. "వెలిసిన ముక్కలాగేనా?"

సరేలక్క ఒట్లు పెట్టింది, బతిమాలింది, చివరికి గొంతు చించుకుని అరిచింది. అరిచినకొద్దీ చెల్లికి అది అబద్ధంలాగే వినిపించింది. "నా కోసం నువ్వు వదులుకున్నవి చాలే" అని గోడ వైపు తిరిగి పడుకుంది. మొండిఘటం, అన్న మాట మీదే నిలబడింది. ఎవరి పోరూ పనిచెయ్యలేదు.

ఆ తర్వాత ఒకరోజు మాస్టరు అర్జెంటని చొక్కాల కట్ట ముందు పడేస్తే, "నాకిష్టం లేదు, చెయ్యను" అంది సరేలక్క. కొట్లో మిషన్లన్నీ ఆగిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? మనసులో మాట రావాల్సిన చోట రాలేదు.

చెల్లి గుండె కూడా మొరాయించడం మొదలుపెట్టింది. ఓ మధ్యాహ్నం ఆసుపత్రిలో మిషను పక్కన మంచం మీద పడుకుని, అక్క వేళ్ళు పట్టుకుంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన వేళ్ళు అవి.

"అక్కా, ఇంక ఈ సూదులు నా వల్ల కాదే. మానేస్తాను. నన్ను ఇంటికి తీసుకుపోతావా?"

మానేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. సరేలక్క ఒళ్ళంతా వద్దు, వద్దు అని మొత్తుకుంది. చెల్లి ఆమె మొహంలోకే చూస్తోంది.

"నీకిష్టమేనా అక్కా?"

"ఇష్టమేలేవే" అంది సరేలక్క.

చెల్లి ఊపిరి పీల్చుకుని కళ్ళు మూసుకుంది. ఈసారి నమ్మింది.