ఎదురుమగ్గం గొంతు

ఆసుపత్రిలో అందరూ అతన్ని మైకు అనేవారు. ఆ పేరు మొదటిరోజే పడింది.

ఊళ్ళో బట్టల మిల్లు మూతపడ్డాక, పని లేనివాళ్ళకి ఆరు నెలలు పని చూపిస్తామని నగరపాలక సంస్థ ఒక పథకం పెట్టింది. ప్రారంభం రోజున వేదిక మీద ఒక పెద్దమనిషి, చేతికి పనిస్తే మనిషి తనంతట తానే నిలబడతాడని గంటసేపు చెప్పాడు. మగ్గం నడిపిన చేతుల్లో కొన్నింటికి పార్కు చీపుర్లు, కొన్నింటికి కాలవ పారలు దొరికాయి. ఇతనికి పెద్దాసుపత్రి హాలు దొరికింది. వరసగా రోగుల నంబర్లు పిలిచి డాక్టరు గదిలోకి పంపాలి. పని నచ్చితే ఆరు నెలలయ్యాక ఆసుపత్రే ఉంచేసుకుంటుంది. నచ్చకపోతే సెలవు.

చిన్నప్పుడే మగ్గాల షెడ్డులో చేరి జుట్టు నెరిసేదాకా అక్కడే ఉన్న మనిషి. అతను మొదటిసారి "పదిహేడూ!" అని పిలిస్తే పదిహేడో నంబరు ముసలాయన కుర్చీలోంచి జారిపోయాడు. డాక్టరు ఏమైందోనని బయటికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏం బాబాయ్, పొద్దున్నే మైకు మింగొచ్చావా?" అంది చీటీలు రాసే అమ్మాయి.

హాలంతా నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వు అందరికంటే గట్టిగా వచ్చింది.

పెద్ద నర్సమ్మ నవ్వలేదు. ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో తేల్చేది ఆవిడే. "మీరు మంచివారే. కానీ ఇది ఆసుపత్రి. గొంతు తగ్గించుకుంటేనే ఇక్కడుంటారు" అంది.

అతనికి ఉండక తప్పదు. మిల్లు పోయాక ఇల్లు వదిలి ఒంటిగదిలోకి మారాడు. భార్య నాలుగు రోజులు ఉండొస్తానని అన్నగారింటికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. తీసుకురావడానికి వెళితే బావగారు గుమ్మంలోనే నిలబడి, "పని నిలబడ్డాక రండి బావా, అప్పుడు పంపిస్తాం" అన్నాడు. గదిలో రెండు కంచాలున్నాయి. అతను రోజూ ఒకటి కడుక్కుంటాడు, రెండోదాని దుమ్ము తుడిచి మళ్ళీ బోర్లిస్తాడు.

సాయంత్రాలు గోడవైపు తిరిగి సాధన చేసేవాడు. "అమ్మా, మీ నంబరు వచ్చింది, లోపలికి వెళ్ళండి."

పక్కగది ఆటో డ్రైవరు గోడ మీద గుద్దాడు. "ఒక్కడివే ఉంటావు కదా పెద్దాయనా, ఎవరితో ఆ పోట్లాట?"

"పోట్లాట కాదు బాబూ! మెల్లగా మాట్లాడటం నేర్చుకుంటున్నా!"

"వీధి చివర కొట్టువాడు కూడా నేర్చేసుకుంటున్నాడు!"

అతనికి తెలిసిన మాటలు రెండే రకాలు. ఒకటి అరుపు, షెడ్డు బయటికొచ్చినా చెవుల్లో మగ్గాల హోరు వదలక అలవాటైనది. రెండోది షెడ్డు మాట. మగ్గాలు ఆడుతుంటే చెవిలో అరిచినా వినపడదు కాబట్టి, అక్కడ అందరూ గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకునేవారు. అవతలి వరసలోని మగ్గం దగ్గర ఒకడుండేవాడు. ఇతను వాణ్ణి ఎదురుమగ్గం అని పిలిచేవాడు. ఇంటి గొడవలూ, సినిమా కథలూ, మేస్త్రీ మీద బూతులూ అన్నీ ఇద్దరూ పెదాలతోనే చెప్పుకున్నారు. మగ్గం ఆపకూడదు కాబట్టి కలిసి తిన్నది లేదు. ఒకడు తిండికి వెళితే రెండోవాడు ఇద్దరి మగ్గాలూ చూసేవాడు. గేటు దాటాక ఒకడిది తూర్పు, ఒకడిది పడమర. అన్నేళ్ళూ వాడి గొంతు ఎలా ఉంటుందో ఇతనికి తెలియనే తెలియదు.

అరుపు తగ్గించబోతే అతని మాట నేరుగా షెడ్డు మాటలోకి జారిపోయింది. ఈ రెంటికీ మధ్య మామూలు మనుషులు నిలబడే మెట్టు ఎక్కడుందో అతని కాలికి తగల్లేదు.

ఒకరోజు భార్యకి ఫోను చేశాడు. ఎప్పుడూ "మెల్లగా అండీ, వదిన వింటోంది" అనే మనిషి, ఆరోజు "హలో... హలో... ఉన్నారా? ఏం వినపడటం లేదు" అని పెట్టేసింది. అతను ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, చెప్పదలుచుకున్నది పూర్తిగా చెప్పాడు.

ఆసుపత్రిలో రోగులు అతన్ని మూగవాడనుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన జాలిపడి చేతి సైగలతో మరుగుదొడ్డి ఎక్కడని అడిగాడు. అంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ చూపు సరిగా ఆనని ఒక ముసలమ్మ పొద్దున వచ్చి, డాక్టరు వెళ్ళిపోయేదాకా కూర్చునే ఉంది. "నన్నెవరూ పిలవలేదు నాయనా" అంది. అతను ఆమెను చాలాసార్లు పిలిచాడు.

పెద్ద నర్సమ్మ తల పట్టుకుంది. "అరవొద్దన్నాను. నోరు మూసుకోమన్నానా?"

"పిలిచానమ్మా" అన్నాడు. అదీ పెదాల మీదే ఆగిపోయింది.

ఆరు నెలలూ నిండాయి. ఆసుపత్రి అతన్ని ఉంచుకోలేదు. పథకానికి దీనివల్ల నష్టమేమీ లేదు. ఒకే కుర్చీలో ఇద్దర్ని మార్చి కూర్చోబెడితే లెక్కలో ఇద్దరికి పని ఇచ్చినట్టే.

చివరిరోజు, కొత్తగా వచ్చినతనికి పని చూపించి వెళ్ళమన్నారు. తలుపు తోసుకుని వచ్చింది ఎదురుమగ్గం. హాలు అటు చివర నుంచే వాడి పెదాలు కదిలాయి. ఒరేయ్, నువ్వా! ఇతని పెదాలూ కదిలాయి. చిక్కిపోయావేంట్రా? మీ ఆవిడ బాగుందా? ఇద్దరి మధ్య దగ్గులూ పిల్లల ఏడుపులూ సాగుతూనే ఉన్నాయి. వాటిమీంచి వాళ్ళు కాసేపు హాయిగా మాట్లాడుకున్నారు.

తర్వాత వాడు చీటీ అందుకుని, మొదటి నంబరు పిలిచాడు.

ఆ గొంతు సన్నగా, మెత్తగా, నిద్రపోయే పిల్లాడి మీద దుప్పటి కప్పినట్టుగా వచ్చింది. మూలనున్నవాళ్ళకీ వినపడింది. ఎవరూ ఉలిక్కిపడలేదు. పెద్ద నర్సమ్మ తలెత్తి చూసి, చిన్నగా నవ్వింది.

"ఒరేయ్, నీ గొంతు ఇలా ఉంటుందా!" అన్నాడు అతను. హాలంతా అదిరింది.

చెప్పాల్సిన పని ఇంకేం మిగల్లేదు. సంచీ తీసుకుని బయటికొచ్చాడు. భార్యకి ఏ గొంతుతో చెప్పాలో ఆలోచిస్తూ మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగాడు. అద్దాల తలుపు అవతల నుంచి ఎదురుమగ్గం ఇతన్నే చూస్తున్నాడు. మిల్లులో రోజూ తిండివేళకి అన్నట్టే, వాడి పెదాలు అలవాటుగా కదిలాయి.

నువ్వు వెళ్ళు, నేను చూస్తా.

ఇప్పుడే వస్తా, అన్నాయి ఇతని పెదాలు.