మా డ్రాయింగ్ సారు గీకేసిన బొమ్మ

మా డ్రాయింగ్ సారు పోయారని నాకు బడిలో తెలిసింది. కమలాపురంలో మధ్యాహ్నం పిల్లల కాగితాలు దిద్దుకుంటూ ఉండగా, పత్తికొండ నుంచి నా చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది.

"ఏమ్మే, డ్రాయింగ్ సారు పోయినాడంట. పొద్దున్నే టీ తాగి కుర్చీలో కూర్చున్యాడంట. అంతే."

"అయ్యో" అన్నాను. అనాలి కాబట్టి అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, నిశ్చింత. నేను చేసిన పని తెలిసిన ఒకే ఒక్క మనిషి ఇక లేడు, బతికిపోయాను అనుకున్నాను.

పాత విద్యార్థులంతా కలిసి ఆయన మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. ఆయన దగ్గర నేర్చుకుని డ్రాయింగ్ టీచరైంది నేనొక్కదాన్నే కాబట్టి నన్ను తప్పకుండా రాయమన్నారు. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఆయన పువ్వులాంటి మనిషి, కన్నతండ్రి లాంటి వాడు అని రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. ఆయన నోరు ముల్లు. నాకు ఆయనంటే ఇష్టం లేదు. ఆయనకూ నేనంటే ఇష్టం ఉన్న గుర్తులేమీ కనపడలేదు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివాక మీరు నన్ను ఏమనుకున్నా సరే.

మాది మగ్గం నేసే ఇల్లు. చీర అంచులు చూస్తూ పెరిగినదాన్ని. తొమ్మిదో తరగతిలో బడి ముందున్న కానుగ చెట్టును గీయమన్నారు సారు. నేను ఆకు పక్కన ఆకు, కొమ్మకు సరిగ్గా కొమ్మ, ఎంతో పొందికగా గీశాను. ఆయన నా పుస్తకం అందుకుని క్లాసంతటికీ ఎత్తి చూపించారు.

"ఇది చెట్టు కాదు, చీర అంచు. వాళ్ళ నాయన నేసిందాన్ని ఈ పాప కాపీ కొట్టినాది."

అందరూ నవ్వారు. ఆయన ఆ కాగితం చించి నా చేతిలో పెట్టారు. ఇంటికెళ్ళి ఏడ్చాను. మరునాడు మా నాన్న మగ్గం ఆపి బడికొచ్చాడు.

"ఏం సారూ, మా అంచులంటే అంత లోకువనా మీకు?"

"అంచు లోకువని నేను అన్లేదప్పా. నీ పాపకు చెయ్యి ఉండాది, కన్ను లేదు. చెట్టు దిక్కు చూడకుండానే చెట్టు గీసినాది. అది చెప్పినా."

ఆయన తగ్గుతారనుకున్నాను, తగ్గలేదు. మా నాన్నే తగ్గాడు. ఇంటిదారిలో, "ఆయప్ప నోరు మంచిది కాదు గానీ, అబద్ధం చెప్పల్యా" అన్నాడు. ఆ రోజు నాకు సారు మీద ఎంత కోపం వచ్చిందో, నాన్న మీద అంతే వచ్చింది.

సారుది చర్చి వెనక వీధి. ఉద్యోగం రాకముందు దుకాణాలకు బోర్డులు రాసేవారట. హాజరు వేసేటప్పుడు తలెత్తేవారు కాదు. జొన్నరొట్టె, ఎర్రకారం నిలబడే తినేవారు. ఎవరి దగ్గరైనా రబ్బరు కనపడితే తీసుకుని కిటికీలోంచి విసిరేసేవారు. "రబ్బరు ఉండాదిలే అనుకుంటే కన్నుకు సోమరితనం వస్తాది." ఎండాకాలం మమ్మల్ని బయటికి తీసుకెళ్ళి బడి గోడ మీద అరచెయ్యి పెట్టించేవారు. "ఎంత కాలుతాందో చూసినారు కదా. ఆ కాలేదాన్ని గియ్యండి. కొండ యాడికీ పోదు, ఎండ పోతాది. ముందు ఎండను పట్టుకోండి." అరచేతులు ఎర్రబడేవి. ఒక్కరినీ ఏనాడూ బాగా గీశావని అనలేదు. ఆయన బొమ్మలు గీస్తారని మాకు తెలుసు గానీ, అవి ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు.

చదువు అయ్యాక పదిహేనేళ్ళకు పైగా ఆయన్ను నేను చూడలేదు. చూసింది ఆరేళ్ళ కిందట, ఒక బంగళా మెట్ల మీద.

డోన్ నుంచి గంట దూరంలో ఒక పాత జాగీర్దారు బంగళా ఉంది. గచ్చు స్తంభాలు, టేకు దూలాలు, గుర్రపుశాల, సగం ఎండిన మామిడితోట. వారసురాలు ఒకామె దాన్ని బాగు చేయించి అతిథులకు అద్దెకిస్తోంది. అక్కడ వారం రోజుల చిత్రకళా శిబిరం పెట్టి, సీమవాళ్ళు ఇద్దరికి ఊరికే చోటిస్తామంది. నేను దరఖాస్తు పెట్టుకున్నాను, వచ్చింది. ఆ రెండోవారు ఎవరో అక్కడికెళ్ళేదాకా తెలియదు. రేకు పెట్టె పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నారు సారు. అప్పటికే రిటైరయ్యారు.

"నువ్వా" అన్నారు.

"నేనే సార్."

"ఇంగా అంచులే గీస్తాండావా?"

ఇంతే మా పలకరింపు.

మిగతావాళ్ళంతా హైదరాబాదు, బెంగళూరు వాళ్ళు. పెద్ద టోపీలు, బొమ్మ నిలబెట్టుకునే మడత స్టాండ్లు. మొదటి రోజు యజమానురాలు ఇంప్రెషనిస్టులనే ఫ్రాన్సు చిత్రకారుల పద్ధతి వివరించింది. గదిలో కూర్చుని గీయకూడదు. ఆరుబయట, వస్తువు ఎదురుగా కూర్చుని, వెలుగు మారేలోపు ముగించాలి. నీడకు నల్లరంగు వాడకూడదు. ఫోటో చూసి అసలే గీయకూడదు. బాగున్నవాటిని చివర్లో హైదరాబాదు ప్రదర్శనకు పంపుతారు.

సారు వెనక నుంచి గట్టిగానే అన్నారు. "దీనికి ఫ్రాన్సు దంకా పోవల్లా? మా ఊరి ఎండలో నిలబడితే సాలు, నల్లరంగు దానంతట అదే పోతాది." ఎవరో కిసుక్కున నవ్వారు. సాయంత్రం ఒకాయన ఆయన్ను బంగళా పనివాడనుకుని తన స్టాండు తోటలోకి మోయమన్నాడు. సారు మోశారు. మోసి, స్టాండును గోడకేసి తిప్పిపెట్టి తిరిగొచ్చారు. ఆ తర్వాత ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆయన శిష్యురాలినని వాళ్ళకు తెలియకూడదనుకున్నాను.

పది గంటలకు అందరూ ఫ్యాన్ల కిందికి చేరితే, ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని ఎండలో కూర్చునేవారు. నాలుగు రోజుల్లో మూడు బొమ్మలు వేశారు. ఒకటి గుర్రపుశాల గోడ. మిట్టమధ్యాహ్నం గోడ. దాన్ని చూస్తుంటే నా కళ్ళు వాటంతటవే చిన్నవయ్యాయి. ఇంతవరకూ ఈ మాట ఎవరితోనూ అనలేదు: అంత మంచి బొమ్మ నేను దగ్గరుండి మరొకటి చూడలేదు. ఆ అసూయతో ఆ పూట అన్నం సయించలేదు.

నాకు ఎండ లొంగలేదు. నేను నీలం కలిపేలోపు నీడ జరిగిపోయేది. రెండు కాన్వాసులు పాడుచేశాను. మూడో రోజు పొద్దున గేటును, సాయంత్రం దాని పక్కనే ఉన్న వేపచెట్టును ఫోన్‌లో ఫోటోలు తీసుకుని, గది తలుపేసుకుని రెండూ కలిపి గీశాను. అందరూ మెచ్చుకున్నారు. యజమానురాలు దాన్ని హాలు మధ్యలో తగిలించింది.

అయిదో రోజు భోజనాలయ్యాక సారు వచ్చి దాని ముందు నిలబడ్డారు. హాల్లో మేమిద్దరమే ఉన్నాం.

"బాగుండాది" అన్నారు. నా ముప్పై అయిదేళ్ళ వయసులో ఆయన నోట ఆ మాట అదే మొదటిసారి. నేను ఊపిరి పీల్చుకునేలోపే వేలు పెట్టి చూపించారు. "ఈ గేటు నీడ పడమరకు పడినాది. ఈ చెట్టు నీడ తూర్పుకు పడినాది. ఆ పొద్దు రెండు పక్కల పొడిచినాదామే?"

నేను చేతిలోని ఫోన్‌ను వెనక్కి దాచుకున్నాను.

"సెల్లు చూసి గీసినావు. నువ్వే దించు."

"దించను."

"కన్ను లేకున్నా చెయ్యన్నా ఉండాది అనుకున్యా. ఇప్పుడు అదీ దొంగచెయ్యి అయిపాయ."

"మీ బొమ్మ మధ్యలో పెట్టలేదని కదా సార్ మీ ఏడుపు?" అన్నాను. నాకు చదువు చెప్పిన మనిషిని అన్నాను.

ఆయన జేబులోంచి రంగులు కలిపే చాకు తీశారు. గేటు దగ్గర మొదలుపెట్టి చెట్టు దాకా, పాత బోర్డు మీది అక్షరాలు తీసినట్టు, తొందరేమీ లేకుండా గీకేశారు. పచ్చి రంగు ముద్దలుగా నేల మీద పడింది. నేను అరిచాను. అందరూ పరుగెత్తుకొచ్చారు.

"ఏంటి సార్ ఇది? ఎందుకు చేశారు?" అంది యజమానురాలు.

"ఆ పాపనడుగు" అన్నారు సారు.

అందరూ నాకేసి చూశారు. ఆయన నిజం నాకే వదిలేశారు. ఒక్క మాట చెబితే అయిపోయేది. నేను కళ్ళు తుడుచుకుని, "నాకు తెలియదు మేడమ్. చిన్నప్పటి నుంచీ సారుకు నేనంటే గిట్టదు" అన్నాను.

"మీ సామాను సర్దుకోండి. మీ బొమ్మలూ తీసుకెళ్ళండి" అని ఆమె ఆయనతో అంది.

తిడతారనుకున్నాను. నన్ను ఒకసారి, గీయబోయే వస్తువును చూసినట్టు ఒక కన్ను చిన్నది చేసి చూశారు. "సరే" అని వెళ్ళిపోయారు. మూడు బొమ్మలూ తాడుతో కట్టుకుని, రేకు పెట్టె మోసుకుంటూ, రెండు గంటల ఎండలో డోన్ బస్సు ఆగే రోడ్డు దాకా నడిచారు. బంగళాలో మూడు కార్లున్నాయి. ఒక్కరూ దింపుతామనలేదు. నేను పైకిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను.

హైదరాబాదు ప్రదర్శనకు నేను మరో బొమ్మ హడావిడిగా వేసి పంపాను. గురువు చేతిలో బొమ్మ పోగొట్టుకున్న అమ్మాయినని అందరూ జాలిపడ్డారు. పేపర్లో ఫోటో వేశారు. అడిగిన ప్రతివాళ్ళకూ ఆ కథ చెప్పాను, ప్రతిసారీ ఆయన్ను మరికాస్త దుర్మార్గుణ్ణి చేసి. ఆయన మటుకు జీవితంలో ఒక్క ప్రదర్శనకూ నోచుకోలేదు.

ఆ ఎండాకాలం కమలాపురం దగ్గర పాపాగ్ని నది ఇసుకలో గొడుగు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన్ను ఓడించాలనే కూర్చున్నాను. బండ మీద అరచెయ్యి పెట్టి, ఆయన్ను తిట్టుకుంటూ గీశాను. రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు నీడ నా కళ్ళ ముందు జరిగినా భయం లేదు. నా బడిపిల్లలను గోడ దగ్గరికి తీసుకెళ్ళి ఆయన మాటలే చెబుతాను. ఎవరు చెప్పారో మాత్రం ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఆయన మీద కోపం పోయిందా అంటే పోలేదు. చించిన కాగితం చించినట్టే ఉంది. కానీ నాకు చూడడం నేర్పింది ఆయనే. దానికి కృతజ్ఞత లేదంటే అది మరో అబద్ధం.

చనిపోయిన నాలుగో రోజు పత్తికొండ వెళ్ళాను. సమాధి కార్యక్రమం అయిపోయింది. సారు భార్య పెరట్లో బట్టలు ఉతుకుతోంది. నేను ఆయన దగ్గర చదువుకున్నానని చెప్పాను.

"అమ్మా, ఆ బంగళా నుంచి సారు వారం కాకుండానే వచ్చేసినాడు కదా. ఎందుకని చెప్పినాడు?"

"ఎండ శానా ఉండాది, వచ్చేసినా అన్యాడు. ఆయప్పకు ఎండ శానా ఉండాదంట! నేను నమ్మలా. మళ్ళా అడిగితే పలకలా. ఏం, నీకు తెలుసునా?"

చెప్పాను. ఫోన్, రెండు ఫోటోలు, గేటు, చెట్టు, నేను ఆడిన అబద్ధం, పేపర్లో వేయించుకున్న ఫోటో, అన్నీ చెప్పాను. ఆమె చేతిలో తడిబట్ట పట్టుకుని చివరిదాకా విన్నది.

"ఆరేండ్లు యాడ పోయినావు?"

ఆమె తడిబట్టను బకెట్లోకి విసిరింది.

"మనిషి ఉన్నప్పుడు రాల్యా. మట్టిలో పెట్టినాక వచ్చి నాకు చెప్తాండావా? నాకు చెప్తే ఏమొస్తాది?"

"తప్పయిపోయిందమ్మా."

"తప్పని నాతో కాదు. పేపర్లో వేయించుకున్యావంటివే, అట్లే నలుగురూ చదివేతట్ల రాయి. రాసినాక రా మా ఇంటికి. అప్పటి దంకా ఈ గడప తొక్కొద్దు."

మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం. నేను రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాను. ఆమె నాకేసి మళ్ళీ చూడలేదు. ఉతికిన సారు చొక్కాలు ఒక్కొక్కటే దులిపి కంచె కంప మీద ఆరేసుకుంటూ పోయింది. మొత్తం ఏడు తెల్ల చొక్కాలు. వాటి మోచేతుల దగ్గర పసుపు, నీలం మరకలు ఎన్ని ఉతుకులకూ పోలేదు. మధ్యాహ్నపు ఎండలో ఆ తెలుపును సూటిగా చూడలేక నా కళ్ళు చిన్నవయ్యాయి. గాలి వచ్చినప్పుడు చొక్కా చేతులు లేచి, మళ్ళీ ముళ్ళ మీద వాలుతున్నాయి.